పాత స్పీకర్లలో క్రాసోవర్ కెపాసిటర్లు మార్చేటప్పుడు

1967లో వచ్చిన ఏఆర్-3ఏ వంటి పాత స్పీకర్లలో పైస్థాయి స్వరాలు మసకబారినట్టు వినిపిస్తే, ట్వీటర్‌ను (పైస్థాయి స్వరాలు పలికే భాగాన్ని) అనుమానించే ముందు క్రాసోవర్‌లోని (స్వరాలను స్థాయిలవారీగా విడదీసి ఆయా భాగాలకు పంపే సర్క్యూట్‌లోని) కెపాసిటర్లనూ, వాటి పక్కనే చిలుము పట్టే లెవెల్ కంట్రోళ్లనూ చూడడం మంచిది. కెపాసిటర్ కాలు ఒకటి సోల్డర్ విప్పి, సర్క్యూట్ నుంచి వేరుచేసిన తరువాతే మీటరుతో కొలవాలి. లేకపోతే వచ్చే అంకెను నమ్మలేము.

ఆ స్పీకర్‌లో ట్వీటర్‌కు 6, మధ్యస్థాయి స్వరాలు పలికే మిడ్‌రేంజ్‌కు 50, కిందిస్థాయి స్వరాలు పలికే వూఫర్‌కు 150 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు ఉంటాయి. ట్వీటర్ దారిలో పాలీప్రొపిలీన్ ఫిల్మ్ రకం వాడవచ్చు. 6 దొరక్కపోతే 3.3, 2.7 విలువలు గలవాటిని సమాంతరంగా కలిపితే సరిపోతుంది. 150కి మాత్రం ఫిల్మ్ రకం బాగా పెద్దదీ ఖరీదైనదీ కాబట్టి, 100 వోల్టుల నాన్-పోలార్ ఎలక్ట్రోలిటిక్ చాలునని నా అభిప్రాయం. ప్లస్, మైనస్ గుర్తులున్న మామూలు ఎలక్ట్రోలిటిక్‌ను ఇక్కడ ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు.

ఫిల్మ్ కెపాసిటర్‌లో అంతర్గత నిరోధం చాలా తక్కువ గనుక, మార్చాక ట్వీటర్ మరీ పదునుగా పలికితే దానికి సిరీస్‌లో అర ఓమ్ రెసిస్టర్ వేసి చూడండి. మార్పు రెండు స్పీకర్లలోనూ ఒకేసారి, ఒకే రకం భాగాలతో చేయాలి.