మానిటర్ కొలతలు, పీపీఐ లెక్క కట్టడం ఎలా?

మానిటర్ సైజుగా చెప్పే అంగుళాలు తెర ఐమూల కొలత. బల్ల మీద ఎంత చోటు పడుతుందో, అక్షరాలు ఎంత పదునుగా కనిపిస్తాయో ఆ ఒక్క అంకె చెప్పదు. రిజల్యూషన్ (తెర మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని పిక్సెళ్లు, అంటే చుక్కలు, ఉన్నాయన్న లెక్క) కూడా తెలిస్తే రెండూ తేల్చుకోవచ్చు. పదునును చెప్పే అంకె పీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్నది.

ముందు ఐమూల కొలత. టేపుతో వెలిగే భాగాన్నే కొలవాలి, చుట్టూ ఉండే నల్ల అంచును కలపకూడదు. 24 అంగుళాలని అమ్మే మానిటర్లలో చాలావాటి అసలు కొలత 23.8. టీవీల మీద సెంటీమీటర్లు కూడా వేస్తారు కాబట్టి వాటినే పట్టుకోండి. ‘43 అంగుళాల’ టీవీ మీద 108 సెం.మీ. అని ఉంటే, 2.54తో భాగించండి: 42.5 అంగుళాలే.

తర్వాత నేటివ్ రిజల్యూషన్, అంటే తెరలో నిజంగా ఉన్న పిక్సెళ్ల లెక్క. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘రికమెండెడ్’ అని ఉండేది సాధారణంగా అదే. బ్రౌజర్ చెప్పే అంకె తీసుకుని ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. స్కేలింగ్ (అక్షరాలను, బొమ్మలను పెద్దవి చేసి చూపించే సెట్టింగ్) 125 శాతంలో ఉంటే ఫుల్ హెచ్‌డీ తెర కూడా 1536×864 అని చూపిస్తుంది. రెండు అంకెలనూ 1.25తో గుణిస్తే అసలు 1920×1080 బయటపడుతుంది.

ఇక లెక్క పైథాగరస్ సిద్ధాంతమే:

1920² + 1080² = 48,52,800
దాని వర్గమూలం 2202.9 (ఐమూలగా పిక్సెళ్లు)
2202.9 ÷ 23.8 = 92.56 పీపీఐ

అంటే అంగుళానికి సుమారు 93 పిక్సెళ్లు. ఇది వచ్చాక వెడల్పు ఎత్తులకు వేరే సూత్రం అక్కర్లేదు. 1920 ÷ 92.56 = 20.74 అంగుళాలు, అంటే 52.7 సెం.మీ. వెడల్పు. 1080 ÷ 92.56 = 11.67 అంగుళాలు, అంటే 29.6 సెం.మీ. ఎత్తు. టేపు పెట్టి వెడల్పు సరిచూడండి. సెంటీమీటరు పైన తేడా వస్తే ఐమూల కొలత తప్పు పడ్డట్టే. బల్ల మీద చోటు చూసేటప్పుడు మాత్రం అంచులు, స్టాండు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అన్ని తెరల వెడల్పు, ఎత్తుల నిష్పత్తీ 16:9 కాదు. 3440×1440 ఉన్న 34 అంగుళాల అల్ట్రావైడ్ ఎత్తు 13.1 అంగుళాలే, మామూలు 27 అంగుళాల మానిటర్ ఎత్తు 13.2. ‘34 కదా, ఎత్తూ పెరుగుతుంది’ అనుకుని కొంటే నిరాశే.

తెలుగులో రాసేవాళ్లు పీపీఐని మరింత పట్టించుకోవాలి. 100 శాతం స్కేలింగ్‌లో 11 పాయింట్ల ఫాంటుకు దక్కే ఎత్తు సుమారు 15 పిక్సెళ్లు. ‘స్త్రీ’ రాస్తే పైన గుడి దీర్ఘం, మధ్యలో అక్షరం, కింద రెండు వత్తులు, అన్నీ ఆ కాస్త చోటులోనే సర్దుకోవాలి. అందుకే 27 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీ (81.6 పీపీఐ) తెలుగు చదవడానికి తీసుకోకపోవడమే మంచిది. అదే సైజులో 2560×1440 అయితే 108.8, 4కె (3840×2160) అయితే 163.2.

4కె తెరను 100 శాతంలోనే ఉంచితే అక్షరం చిన్నదైపోయి కళ్లు లాగుతాయి. 150 శాతం పెట్టండి. 163.2 ÷ 1.5 = 108.8 కాబట్టి, అక్షరం సైజు 2560×1440 తెరలో ఉన్నంతే ఉంటుంది, కానీ దాన్ని గీయడానికి రెండింతలకు పైగా పిక్సెళ్లు దొరుకుతాయి. వత్తులు విడివిడిగా కనిపించేది అప్పుడే.