కారు ప్రయాణంలో ప్రజలు మోసే ఖర్చును లెక్కకట్టడం ఎలా

ఇంధనం, బీమా, మరమ్మతులు కారు యజమాని పద్దులో ఉంటాయి. ఆ పద్దులోకి రాకుండా ఇతరుల మీద పడే ఖర్చును తేల్చాలంటే, ప్రతి అంశం దగ్గరా దానికి ఎవరు చెల్లిస్తున్నారో, కార్లు తగ్గితే అది తగ్గుతుందో లేదో అడగాలి.

ముందుగా నేలను కొలవండి. ఒక కారు నిలపడానికి సుమారు 12 చదరపు మీటర్లు కావాలి. వచ్చిపోయే దారిని కూడా కలిపితే అది 25 నుంచి 30 వరకు అవుతుంది. వీధుల్లో నిలిపిన కార్లు ఆక్రమించిన స్థలాన్ని చుట్టుపక్కల అద్దెతో గుణిస్తే, ఉచిత పార్కింగ్ పేరుతో ఊరు వదులుకుంటున్న ఆదాయం తెలుస్తుంది. దుకాణాలు తమ పార్కింగ్ ఖర్చును సరుకుల ధరల్లో కలుపుకుంటాయి కాబట్టి, నడిచి వచ్చినవారూ దాన్ని మోస్తారు. ఈ లెక్క మొత్తంలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచేది ఇదే.

రోడ్ల అరుగుదలను మాత్రం పెంచి చూపకండి. అది ఇరుసు మీది బరువుకు దాదాపు నాలుగో ఘాతంలో, అంటే బరువు రెట్టింపైతే పదహారు రెట్లు, పెరుగుతుంది కనుక అధిక భాగం లారీలదే. ప్రమాద బాధితుల వైద్యం, పొగవల్ల వచ్చే జబ్బులు, లీటరు పెట్రోలుకు వెలువడే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ తప్పక చేరాలి.

చమురు దగ్గర చాలామంది పొరబడతారు. దిగుమతి బిల్లును బంకు దగ్గర వాహనదారుడే చెల్లిస్తాడు. దాన్ని మళ్లీ కలిపితే ఒకే ఖర్చును రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. కలపవలసింది సరఫరా భద్రత ఖర్చు. 1973లో అరబ్ దేశాలు విధించిన చమురు ఆంక్షల తరువాత, 1974లో ఏర్పడిన అంతర్జాతీయ ఇంధన సంస్థ, దిగుమతులపై ఆధారపడే సభ్యదేశాలు 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన నిల్వ ఉంచాలని నిర్దేశించింది. మీ దేశపు నిల్వలో చిక్కుకున్న పెట్టుబడిపై వడ్డీని, ట్యాంకుల నిర్వహణ ఖర్చును కూడి, మొత్తం చమురు వాడకంలో కార్ల వాటా మేరకే తీసుకోండి. గల్ఫ్ చమురు ఓడలు దాటే హోర్ముజ్ జలసంధి వంటి ఇరుకు సముద్ర దారుల రక్షణకయ్యే సైనిక వ్యయంలో చమురు వాటాను కచ్చితంగా విడదీయలేం. అందుకే దాన్ని విడిగా, కనిష్ఠ గరిష్ఠ అంచనాలుగా రాయడమే నిజాయితీ.

చివరగా ఇంధన పన్నును, వాహన పన్నును మొత్తం నుంచి తీసివేయండి, అయితే రోడ్ల నిర్మాణానికి వెచ్చించిన భాగాన్ని అందులోంచి ముందే మినహాయించండి. మిగిలినదాన్ని కిలోమీటర్లతో భాగించేటప్పుడు రద్దీ వేళలను విడిగా చూడాలి, ఎందుకంటే నిండిన రోడ్డు మీదికి వచ్చే ఒక్కో కారూ వెనుకవారందరినీ ఆలస్యం చేస్తుంది. 1975లో సింగపూర్ రద్దీ వేళల్లో నగర కేంద్రంలోకి వచ్చే కార్లపై రుసుము విధించింది ఆ తేడాను గుర్తించే.