మొదటిసారి స్కీయింగ్‌కి ఏ కొండ? గ్రీన్ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడండి

అమెరికాలో మనవాళ్ళ స్కీ ట్రిప్పులు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. జనవరిలో లాంగ్ వీకెండ్ చూసుకుని మూడు నాలుగు కుటుంబాలు కలిసి ఒక ఇల్లు బుక్ చేస్తాయి. తర్వాత ఎవరో ఒకరు ఆ ఇంటికి దగ్గర్లో ఉన్న రిసార్ట్ లింకు వాట్సాప్ గ్రూపులో పెడతారు. తీరా వెళ్ళాక ఇద్దరు హాయిగా స్కీ చేస్తారు, మిగతావాళ్ళు మధ్యాహ్నానికల్లా మోకాళ్ళు పట్టుకుని లాడ్జిలో కూర్చుంటారు. ఈ వరస తిరగెయ్యాలి. ముందు కొండ, తర్వాతే ఇల్లు.

కొండ ఎంచుకోవడంలో పేరు, ఎకరాలు, మొత్తం ఎత్తు కొత్తవాళ్ళకి పెద్దగా అక్కరకు రావు. కొండ పైకి చేర్చే లిఫ్ట్ దిగిన చోటు నుంచి కింద బేస్ దాకా వాళ్ళు దిగగలిగే దారి, అంటే మ్యాప్‌లో తేలిక అని గుర్తు పెట్టిన గ్రీన్ గీత, ఎక్కడా తెగకుండా వస్తోందా? ఇదొక్కటి తేలితే సగం పని అయినట్టే.

ఎవరు ఏ స్థాయి

ముందు గుంపులో ఎవరేమిటో నిజాయితీగా రాసుకోండి. స్కీలు ఎప్పుడూ తొడగనివాళ్ళు ఒక రకం. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి, అంటే అందరూ 'పిజ్జా' అనేది వేసి, ఆగగలిగి, రెండు వైపులా తిరగగలిగేవాళ్ళు రెండో రకం. వీళ్ళిద్దరూ బిగినర్లే. స్కీలు రెండూ సమాంతరంగా ఉంచి, బ్లూ, అంటే మధ్యరకం దారి మీద వేగాన్ని అదుపులో పెట్టుకుని దిగేవాళ్ళు ఇంటర్మీడియట్.

'పోయినేడు బ్లూ దిగాను' అని ఎవరైనా అంటే ఏ కొండ మీద అని అడగండి. అమెరికాలో గ్రీన్ అంటే సాధారణంగా 25 శాతం లోపు వాలు, బ్లూ అంటే 25 నుంచి 40, అంతకు మించితే బ్లాక్ డైమండ్. కానీ ఇవి రూళ్ళు కావు. ఏ రిసార్ట్ దారులకి ఆ రిసార్టే రంగు వేసుకుంటుంది, అదీ తన కొండలోని మిగతా దారులతో పోల్చి. పెన్సిల్వేనియాలోని చిన్న కొండ మీద బ్లూ అనిపించుకున్నది కొలరాడోలో గ్రీన్ కింద జమ కావచ్చు. కొత్త కొండ మీద మొదటి రన్ (దిగే దారి) ఎప్పుడూ మీ స్థాయికి ఒక మెట్టు కింద పెట్టుకోండి.

మ్యాప్ చదవడం

రిసార్ట్ వెబ్‌సైట్‌లో ట్రయల్ మ్యాప్ ఉంటుంది. ఫోన్‌లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద తెరిచి, కొత్తవాళ్ళు ఎక్కే ప్రతి లిఫ్ట్ పై కొస నుంచి గ్రీన్ గీత వెంట వేలు పెట్టి కిందికి రండి. మధ్యలో ఎక్కడైనా గీత నీలంగా మారిందా? మారితే ఆ లిఫ్ట్ మొదటి రోజు వాళ్ళది కాదు.

ఇందుకు మంచి ఉదాహరణ కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులో టాహో సరస్సు దగ్గరున్న హెవెన్లీ రిసార్ట్. కాలిఫోర్నియా బేస్‌లో నిలబడి పైకి చూస్తే కనిపించేది గన్‌బారెల్ అనే బ్లాక్, నిండా గుట్టలు. దాన్ని తప్పించుకుని చుట్టూ తిరిగి వచ్చే రౌండబౌట్ కూడా బ్లూ. పైన ఎంత సరదాగా ఆడుకున్నా, సాయంత్రం అలసిన కాళ్ళతో ఆ బేస్‌కి చేరాలంటే కొత్తవాళ్ళు తాడు మీద నడిచే ట్రామ్‌లో దిగాల్సిందే. అందులో నామోషీ ఏమీ లేదు, రోజూ చాలామంది అలాగే దిగుతారు. కాకపోతే ఆ సంగతి పొద్దున్నే తెలిసుండాలి. అన్ని లిఫ్టుల్లోనూ కిందికి ఎక్కించుకోరు, అడిగి తెలుసుకోండి.

దీనికి పూర్తిగా వ్యతిరేకం కొలరాడోలోని కాపర్ మౌంటెన్. ఆ కొండ వాలే సహజంగా విడిపోయి ఉంది: పడమర వైపు తేలిక దారులు, మధ్యలో మధ్యరకం, తూర్పున కష్టమైనవి. కొత్తవాళ్ళ మధ్యలోంచి ఎక్స్‌పర్టులు దూసుకుపోవడం అక్కడ తక్కువ. పక్కనే ఉన్న కీస్టోన్‌లో స్కూల్‌మార్మ్ అనే గ్రీన్ డెర్కమ్ కొండ శిఖరం నుంచి కింద దాకా దాదాపు మూడున్నర మైళ్ళు సాగుతుంది. రెండో రోజుకి ఇలాంటి దారి ఉంటే మనిషికి ధైర్యం వస్తుంది.

గ్రీన్‌లలోనూ రెండు రకాలుంటాయని మ్యాప్ చెప్పదు. ఒకటి వెడల్పాటి వాలు. రెండోది క్యాట్‌ట్రాక్, అంటే మంచు చదును చేసే బండ్లు తిరిగే సన్నని రోడ్డు. వాలు తక్కువని దానికీ గ్రీనే వేస్తారు. కానీ పిజ్జా తప్ప ఇంకేమీ రానివాళ్ళకి వేగం తగ్గించుకోవడానికి అడ్డంగా తిరిగే చోటు కావాలి, సన్నని రోడ్డు మీద అది దొరకదు. తొడలు మండిపోతాయి, పక్కన లోయ కనిపిస్తుంది. స్నోబోర్డు వాళ్ళకి ఇంకో బాధ: మరీ చదునుగా ఉన్నచోట ఆగిపోతే బోర్డు విప్పి నడవాల్సిందే. మ్యాప్‌లో కొండ చుట్టూ పాములా వంకరలు తిరిగే సన్నటి గ్రీన్ గీత కనిపిస్తే అది క్యాట్‌ట్రాకే అనుకోండి. యూట్యూబ్‌లో రిసార్ట్ పేరు, రన్ పేరు కొడితే హెల్మెట్ కెమెరా వీడియోలు దొరుకుతాయి. మూడు నిమిషాల వీడియో వాలు ఎంతో, వెడల్పు ఎంతో చెప్పేస్తుంది.

వెబ్‌సైట్లలో రాసే 'బిగినర్ 20 శాతం, ఇంటర్మీడియట్ 45 శాతం' లెక్కని నమ్ముకోకండి. అది చాలాచోట్ల దారుల సంఖ్యని బట్టి వేసిన లెక్క. రెండు లిఫ్టుల్ని కలిపే వంద గజాల ముక్క కూడా అందులో ఒక దారే.

నేర్చుకునే చోటు, లిఫ్టులు

మొదటి రోజు అంతా గడిచేది బన్నీ స్లోప్, అంటే నేర్చుకునేవాళ్ళ చిన్న వాలు మీదే. అది కంచెతోనో తాడుతోనో వేరుగా ఉండాలి, పై దారుల నుంచి బేస్‌కి వచ్చేవాళ్ళు దాని మీదుగా పోకూడదు. పోతుంటే అది అవుటర్ రింగ్ రోడ్డు మీద సైకిల్ నేర్పినట్టే. ఎక్కడానికి మ్యాజిక్ కార్పెట్, అంటే నిలబడితే పైకి తీసుకుపోయే బెల్టు, ఉందో లేదో చూడండి. రెండుంటే ఇంకా మంచిది, వేరువేరు వాలులైతే మరీ మంచిది.

కార్పెట్ తర్వాత మొదటి చైర్‌లిఫ్ట్ ఏ రకమో కూడా చూసుకోవాల్సిందే. చాలామంది పట్టించుకోరు గానీ, కొత్తవాళ్ళు పడేది వాలు మీదకన్నా లిఫ్ట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే ఎక్కువ. పాతకాలపు ఫిక్స్‌డ్ లిఫ్ట్ సెకనుకి రెండు రెండున్నర మీటర్ల వేగంతో నడుస్తుంది, ఎక్కేచోట కూడా అదే వేగం. కుర్చీ వెనక నుంచి పిక్కల్ని తాకుతుంది. డిటాచబుల్ రకం తాడు మీద సెకనుకి ఐదు మీటర్లు పోతుంది, కానీ స్టేషన్‌లోకి రాగానే కుర్చీ తాడు నుంచి విడిపోయి నిదానంగా తిరుగుతుంది. చూడ్డానికి వేగంగా ఉన్న లిఫ్టే ఎక్కడానికి తేలిక. రిసార్ట్ 'హైస్పీడ్ క్వాడ్', 'ఎక్స్‌ప్రెస్' అని రాసేవి ఇవే. ఫిక్స్‌డ్ దాంట్లో ఎక్కాల్సి వస్తే నిదానం చెయ్యమని ఆపరేటర్‌ని అడగండి, చేస్తారు.

ఇంటర్మీడియట్ వాళ్ళకి కావలసింది

వీళ్ళకి బ్లూల సంఖ్యకన్నా గ్రూమింగ్ ముఖ్యం. రాత్రి బండి తొక్కి చదును చేసిన బ్లూ, వదిలేసిన బ్లూ ఒకటి కావు. వదిలేసిన దాని మీద రెండు రోజుల్లో గుట్టలు లేస్తాయి. పెద్ద రిసార్టులన్నీ ఆ రాత్రి ఏయే దారులు గ్రూమ్ చేశాయో పొద్దున్నే యాప్‌లో పెడతాయి. బుక్ చేసేముందు ఓ వారం రోజులు ఆ జాబితా గమనించండి, బ్లూలలో సగమైనా రోజూ గ్రూమ్ అవుతున్నాయా లేదా తెలుస్తుంది.

ఎండ ఎటు పడుతుందో కూడా చూడాలి. ఉత్తరం వైపు వాలుల్లో మంచు పొడిగా నిలుస్తుంది. దక్షిణం వైపుది పగలు కరిగి రాత్రి గడ్డకడుతుంది, మార్చిలో పొద్దున తొమ్మిదింటికి ఆ బ్లూ ఎక్కితే గాజు మీద జారినట్టే. పదిన్నర దాటాక అదే దారి మెత్తబడి హాయిగా ఉంటుంది, రెండు దాటితే బురదలా బరువెక్కుతుంది.

గుంపులో రెండు స్థాయిలూ ఉంటే, అందరి దారులూ ఒకే బేస్‌కి చేరే కొండ తీసుకోండి. వేర్వేరు బేస్‌లకి దించే కొండైతే మధ్యాహ్నం భోజనానికి కలుసుకోవడానికే గంట పోతుంది. పులిహోర డబ్బా తెచ్చుకుంటే చాలా లాడ్జిల్లో సొంత తిండికి బల్లలు వేరే ఉంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే స్కీలు లేకుండా నడిచి ఎక్కే గొండోలా (మూసి ఉండే కేబుల్ కారు), ట్యూబింగ్ (గాలి ట్యూబు మీద కూర్చుని మంచులో జారడం) ఉన్న చోటు చూడండి. లేకపోతే వాళ్ళకి రోజంతా కాపలా పనే.

ఎప్పుడు, ఎంతకి

డిసెంబర్ మొదట్లో టికెట్ చవగ్గా కనిపిస్తుంది. అప్పుడు తెరిచి ఉండేది రెండు మూడు దారులే, కొండ మీద ఉన్న ఎక్స్‌పర్టులందరూ వాటి మీదే ఉంటారు. జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా, అందులోనూ మామూలు పనిదినాలు మంచివి. ఫిబ్రవరిలో సెలవొచ్చే ప్రెసిడెంట్స్ డే వారం మాత్రం వదిలెయ్యండి.

మొదటి రోజు వాళ్ళకి కొండంతటికీ పనికొచ్చే టికెట్ కొనడం డబ్బు దండగ. పాఠం, అద్దె సామాను, కింది లిఫ్టుల టికెట్ కలిపి ఫస్ట్ టైమర్ ప్యాకేజీ అని చాలాచోట్ల అమ్ముతారు. సెలవు రోజులకి పాఠాలు ముందే అయిపోతాయి, కాబట్టి మొదట పాఠం బుక్ చేసి తర్వాత ఇల్లు చూడండి. పిల్లల స్కీ స్కూల్ చాలాచోట్ల మూడేళ్ళకో నాలుగేళ్ళకో మొదలవుతుంది, వయసు నిబంధన చదవండి. భర్త భార్యకి, అన్న తమ్ముడికి నేర్పడం మాత్రం వద్దు. కొండ మీద చాలా గొడవలకి మూలం అదే.

కొలరాడో అయితే ఎత్తు గుర్తుంచుకోండి. బ్రెకెన్‌రిడ్జ్ బేసే 9,600 అడుగులు. దిగిన రోజే అక్కడికి పోతే తలనొప్పి, వికారం మామూలు. మొదటి రాత్రి 5,280 అడుగుల డెన్వర్‌లో పడుకుని వెళ్తే చాలావరకు తగ్గుతుంది.

ఏ ఊరి నుంచి ఎక్కడికి

బే ఏరియా వాళ్ళకి మొదటిసారి నార్త్‌స్టార్ లేదా సియెర్రా ఎట్ టాహో. నార్త్‌స్టార్‌లో నేర్చుకునే చోటు కొండ మధ్యలో ఉంటుంది, గొండోలాలో వెళ్ళాలి, ఆపైన గ్రూమ్ చేసిన బ్లూలు బోలెడు. సియెర్రాలో షుగర్ అండ్ స్పైస్ అనే గ్రీన్ శిఖరం నుంచి బేస్ దాకా వస్తుంది. ఒక్క పూట ప్రయత్నించి చూద్దామంటే ఐ-80 పక్కనే ఉన్న బోరియల్ చాలు. కర్క్‌వుడ్, పాలిసేడ్స్ రెండో మూడో ఏడు చూసుకోవచ్చు. దారిలో చైన్ కంట్రోల్ (మంచులో టైర్లకి చైన్లు వెయ్యాలనే నిబంధన) ఆర్-2 స్థాయిలో పెడితే, నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఫోర్‌వీల్, ఆల్‌వీల్ డ్రైవ్ బండ్లకి తప్ప అన్నిటికీ చైన్లు తప్పనిసరి. ఆ బండ్లలోనూ చైన్లు వెంట ఉండాలి. అద్దె కారైతే చైన్లు వెయ్యనిస్తారో లేదో ఒప్పందం చదవండి, చాలా కంపెనీలు ఒప్పుకోవు.

సియాటిల్ వాళ్ళకి స్నోక్వాల్మీ గంట దూరం. అది మూడు వేల అడుగుల ఎత్తే కాబట్టి తరచూ వాన పడుతుంది, ముందురోజు ఫ్రీజింగ్ లెవెల్, అంటే ఏ ఎత్తులో చలి సున్నా డిగ్రీలకి దిగుతుందో చూడండి. అక్కడే హైవేకి అవతలున్న ఆల్పెంటల్ కొత్తవాళ్ళది కాదు.

న్యూజెర్సీ వాళ్ళకి ఒక వెసులుబాటుంది. ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని అమెరికన్ డ్రీమ్ మాల్‌లో 2019 డిసెంబర్‌లో తెరిచిన బిగ్ స్నో ఇన్‌డోర్ వాలు. ఎండాకాలంలో కూడా ఆగడం, తిరగడం అక్కడ నేర్చుకుని, తర్వాత వెర్మాంట్‌లోని ఒకీమోకో స్మగ్లర్స్ నాచ్‌కో వెళ్ళండి. స్మగ్లర్స్‌లో మూడు కొండలుంటే మోర్స్ అనేది కొత్తవాళ్ళ కోసమే. తూర్పు తీరంలో మంచు తరచూ గడ్డకట్టి ఉంటుంది, అద్దె స్కీల అంచులు పదునుగా ఉన్నాయా అని అడగండి.

డాలస్ నుంచి న్యూ మెక్సికో వెళ్ళేవాళ్ళకి ఏంజెల్ ఫైర్ తేలిక. టావోస్ బేస్‌లో 'కంగారు పడకండి, మీరు చూస్తున్నది కొండలో ముప్పయ్యో వంతే' అనే అర్థం వచ్చే బోర్డు పెట్టారంటేనే ఎదురుగా ఉన్న వాలు ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

హైదరాబాద్, విజయవాడ నుంచి అయితే

సోలాంగ్‌లో గంట లెక్కన స్కీలు తొడిగి ఫొటో తీసే వ్యవహారం స్కీయింగ్ కాదు. నేర్చుకోవాలంటే గుల్మార్గ్, ఔలీ.

గుల్మార్గ్‌లో కొత్తవాళ్ళ వాలులు ఊరిని ఆనుకుని, డ్రాగ్ లిఫ్టులతో (స్కీల మీద నిలబడి ఉంటే పైకి లాగేవి) ఉంటాయి. గొండోలా మొదటి దశ కోంగ్‌డూరీ దాకా. రెండో దశ అఫర్వాత్ మీద దాదాపు 3,950 మీటర్లకి చేరుస్తుంది. అక్కడ గ్రూమ్ చేసిన దారులుండవు. 2023, 2024 ఫిబ్రవరుల్లో అఫర్వాత్ మీద మంచు చరియలు విరిగిపడి విదేశీ స్కీయర్లే చనిపోయారు. గొండోలా టికెట్ దొరికిందని ఇంటర్మీడియట్లు స్కీలతో రెండో దశ ఎక్కొద్దు. కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఇక్కడే కోర్సులు నడుపుతుంది. సొంతంగా గైడుని బేరమాడుకోవడం కన్నా అది నయం.

ఔలీ వాలులు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య, కొత్తవాళ్ళకి బాగా నప్పుతాయి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ 7, 14 రోజుల కోర్సులు పెడుతుంది. జోషీమఠ్‌లో భూమి కుంగడంతో 2023 జనవరిలో రోప్‌వే ఆపేశారు, కాబట్టి రోడ్డు మీద వెళ్ళేలా ప్లాన్ చేసుకోండి. రెండుచోట్లా అసలు సమస్య మంచే. 2024 జనవరిలో గుల్మార్గ్ ఎండిపోయి కనిపించింది, 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా పోటీలు మంచు లేక వాయిదా పడ్డాయి. కాబట్టి ఫిబ్రవరి మధ్యకి పెట్టుకుని, రద్దు చేసుకునే వీలున్న గది తీసుకోండి. విమానం టికెట్ కొనేముందు కోర్సు నడిపేవాళ్ళకి ఫోన్ చేసి వాలు మీద ఇవాళ ఎన్ని అడుగుల మంచుందో, ఏ లిఫ్టులు తిరుగుతున్నాయో అడగండి.