కామన్ తీసేటప్పుడు ఆ 1 ఎక్కడికి పోతోంది?

12ఎ²బి + 18ఎబి² + 6ఎబిలో కామన్ బయటికి తీసి కారణాంకాలుగా రాయమంటే టెన్షన్ పడకండి. ముందు అంకెల సంగతి తేల్చండి: 12, 18, 6ల గ.సా.భా. (మూడింటినీ భాగించే అతిపెద్ద సంఖ్య) 6. తర్వాత అక్షరాలు. మూడు పదాల్లోనూ ఉన్నవాటినే, అదీ తక్కువ ఘాతంతో తీసుకోవాలి కాబట్టి ఎబి. బ్రాకెట్ బయట 6ఎబి అన్నమాట.

ఇప్పుడు ఒక్కో పదాన్నీ దాంతో భాగించి లోపల రాస్తూ పోతే 2ఎ + 3బి వస్తుంది, మూడో పదం మొత్తం బయటికి వెళ్లిపోయింది కదా అని చాలామంది అక్కడే బ్రాకెట్ మూసేస్తారు, నేనూ స్కూల్లో అలాగే మార్కులు పోగొట్టుకున్నాను. 6ఎబిని 6ఎబితో భాగిస్తే వచ్చేది సున్నా కాదు, 1. కాబట్టి జవాబు 6ఎబి(2ఎ + 3బి + 1).

అనుమానముంటే ఎ, బి రెండూ 1 అనుకుని చూడండి: ప్రశ్నలో 36, జవాబులోనూ 36. ఆ 1 మర్చిపోతే 30 వస్తుంది, తప్పు ఇట్టే దొరికిపోతుంది.