ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదా? బెల్టునూ అనుమానించండి

లైటు వెలిగి ఆరడం లేదు

ఇగ్నిషన్ ఆన్ చేయగానే మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ గుర్తు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోయినా బండి మామూలుగానే నడుస్తుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు. పైగా "బెల్టు పెట్టుకుంటున్నాంగా" అంటారు. చిక్కేమిటంటే ఆ లైటు బ్యాగ్‌ది మాత్రమే కాదు, బెల్టును బిగించే ప్రిటెన్షనర్‌ది కూడా.

బండి గుద్దుకోగానే ఎయిర్‌బ్యాగ్‌ను నడిపే కంట్రోల్ యూనిట్ దెబ్బ తీవ్రతను లెక్కగడుతుంది. ప్రిటెన్షనర్‌లోని చిన్న మందు పేలి, బెల్టులో ఉన్న వదులును లాగేస్తుంది. సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోపు బ్యాగ్ నిండుతుంది. ఆపైన లోడ్ లిమిటర్ బెల్టును కాస్త కాస్త వదులుతూ, పక్కటెముకల మీద భారం పెరిగిపోకుండా మనిషిని బ్యాగ్ మీదికి చేరుస్తుంది. బెల్టు లేని మనిషి ఇంకా నిండుతున్న బ్యాగ్‌కే ఎదురెళ్తాడు. అప్పుడు దాని వేగం గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. లైటు వెలుగుతూ ఉందంటే ఈ వరసలో ఏదో ఒకటి, ఒక్కోసారి మొత్తం, పనిచేయకపోవచ్చు.

ముందుగా సీటు కింద చూడండి. కొత్త కవర్లు వేయించాకో, లోపల క్లీనింగ్ చేయించాకో లైటు మొదలైతే, అక్కడ వైర్లను కలిపే పసుపు రంగు కప్లర్ వదులై ఉండే అవకాశం ఎక్కువ. చూడండి, కానీ కదపొద్దు. సరిచేసే మెకానిక్ ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగాలి, ఎందుకంటే బ్యాటరీ తీశాక కూడా యూనిట్‌లో కరెంటు నిలవ ఉంటుంది. పసుపు వైర్లకు టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉందో లేదో చూసే బల్బు) పెట్టేవాడి చేతికి బండి ఇవ్వకండి, బ్యాగ్ అక్కడికక్కడే పేలొచ్చు. కప్లర్ బిగించాక, యూనిట్‌లో నమోదైన లోపం కోడ్‌ను స్కానర్‌తో చెరిపితేనే చాలా కార్లలో లైటు ఆరుతుంది.

లైటుతో పాటు హారన్, స్టీరింగ్ మీది బటన్లు కూడా పనిచేయడం లేదా? అది దాదాపుగా క్లాక్ స్ప్రింగే. స్టీరింగ్ తిరిగేటప్పుడు వైరు తెగకుండా చుట్ట చుట్టి ఉంచే భాగం అది. దాన్ని అతికించరు, మారుస్తారు.

వరద నీళ్లలో మునిగిన బండి సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. కంట్రోల్ యూనిట్ సాధారణంగా ముందు సీట్ల మధ్య, ఫ్లోరు మీదే ఉంటుంది. దాన్ని ఆరబెట్టి వాడితే కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది, లోపల మాత్రం తుప్పు పడుతుంటుంది. మార్చేయాల్సిందే.

లైటు అసలు వెలగనే లేదు

ఇది ఇంకా చెడ్డది. సెకండ్ హ్యాండ్ బండిలో బ్యాగ్ ఒకసారి తెరుచుకున్నాక కొత్తది వేయకుండా, లైటు కనెక్షన్ పీకేసి అమ్మేవాళ్లున్నారు. స్కానర్ పెట్టించండి. అలాగే బెల్టును చివరిదాకా లాగి చూడండి. అడుగున బురద గీత కనిపిస్తే బండి మునిగింది. నేత అలలు తిరిగి, రాపిడికి మెరుస్తుంటే ఆ బెల్టు ఒక యాక్సిడెంట్‌లో మనిషిని ఆపింది. అలాంటి బండి నేనైతే కొనను.

బెల్టు లాగితే రావడం లేదు

బండి వాలులో ఉంటే, లేదా విసురుగా లాగితే లాక్ పడటం సహజం. సమతలంలో ఆపి, పూర్తిగా వెనక్కి పోనిచ్చి, మెల్లగా లాగండి. యాక్సిడెంట్ తర్వాత బిగుసుకుపోయిందంటే ప్రిటెన్షనర్ పేలినట్టు. దానికి రిపేరు లేదు. ఇక వెనక్కి నెమ్మదిగా వెళ్తుంటే అది మురికి: సబ్బు నీళ్లతో తుడిచి నీడలో ఆరనివ్వండి, నూనె రాయకండి.

బీప్ మోత

బెల్టు పెట్టుకోమని గుర్తుచేసే బీప్ పక్క సీట్లో బరువైన సంచి ఉన్నా మోగుతుంది, దించితే ఆగుతుంది. మోత ఆపడానికి బకిల్‌లో బెల్టు లేని ఉత్త క్లిప్ దూర్చే అలవాటు మాత్రం ప్రమాదం. కొన్ని కార్లలో ఎంత దెబ్బకు బ్యాగ్ తెరవాలో నిర్ణయించేటప్పుడు బెల్టు పెట్టారా లేదా అన్నది కూడా చూస్తారు. క్లిప్ దూర్చితే కారుకు అబద్ధం చెప్పినట్టే. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ క్లిప్పులను తొలగించమని అయిదు ఆన్‌లైన్ అమ్మకం సంస్థలను ఆదేశించింది.

గుద్దుకుంది, బ్యాగ్ తెరుచుకోలేదు

ప్రతిసారీ అది లోపం కాదు. వెనక నుంచి తగిలిన దెబ్బకు, తక్కువ వేగానికి ముందు బ్యాగులు తెరుచుకోవు. అక్కడ కాపాడాల్సింది బెల్టే. బంపర్ ముందు బుల్‌బార్ (ఇనుప గార్డు) ఉంటే సెన్సర్ లెక్క తప్పొచ్చు, తీసేయండి.

ఏ లైటూ చూపించనివి

సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగు ఉంటే అందులో సైడ్ బ్యాగ్ ఉన్నట్టు. మామూలు కవరు వేస్తే అది బయటికి రావడానికి అడ్డు. సైడ్ బ్యాగ్ కోసం ప్రత్యేకంగా కుట్టిన కవరే అడగండి. ఇక డాష్‌బోర్డు ఎడమ వైపు, బ్యాగ్ మూత మీదే గమ్‌తో అంటించిన వెంకన్న బొమ్మ: మూత తెరుచుకుంటే అది ముందు సీట్లో కూర్చున్నవారి ముఖం మీదికే వస్తుంది. స్వామివారిని మధ్యకు జరపండి, అక్కడ బ్యాగ్ ఉండదు.