ఫండ్‌కి 13 శాతం వచ్చిందట, మీకు 8 శాతమే వచ్చిందా? ముందు స్కీమ్ పూర్తి పేరు చదవండి

నాకు రాసేవాళ్ళందరి సమస్యా ఒకటే. మ్యూచువల్ ఫండ్ పదేళ్ళ రిటర్న్ 13 శాతం అని రాసి ఉంటుంది. అదే ఫండ్‌లో పదేళ్ళుగా సిప్ (నెలనెలా కిస్తీ) కడుతున్నా మీ యాప్‌లో 8, 9 దాటదు. "ఈ ఫండ్ దండగ, మార్చేస్తా" అంటూ అమ్మేయడానికి సిద్ధమవుతారు. ఒక్క స్టేట్‌మెంట్ తెరిచి చూడమంటే మాత్రం ఎవరికీ తీరిక ఉండదు.

ముందు, మీరు చూస్తున్నది ఏ అంకె?

నెలకి 10,000 చొప్పున ఐదేళ్ళు కట్టారు, మొత్తం 6 లక్షలు. ఇప్పుడు విలువ 8.1 లక్షలు. లాభం 35 శాతం, దాన్ని ఐదుతో భాగించి "ఏడాదికి ఏడే" అనుకుంటారు. మొదటి కిస్తీ ఐదేళ్ళు పనిచేసింది కానీ చివరి కిస్తీకి నెల రోజులే అయింది కదా. ఏ కిస్తీ ఎప్పుడు కట్టారో తేదీలన్నీ లెక్కేసి ఏడాది రాబడి చెప్పే ఎక్స్‌ఐఆర్‌ఆర్ చూస్తే అది దాదాపు 12 శాతం. సిప్‌కి చూడాల్సింది ఇదే. అది ఫండ్ రిటర్న్‌తో అచ్చంగా సరిపోకపోవచ్చు. ఒకటీ రెండు శాతం అటూ ఇటూ ఉంటే టెన్షన్ అక్కర్లేదు.

ఎక్స్‌ఐఆర్‌ఆర్ కూడా తక్కువగానే ఉందా? ఇప్పుడు పేరు చదవండి

యాప్‌లో కనిపించే పొట్టి పేరు కాదు. ఫండ్ల ఖాతాలు చూసే సంస్థలు క్యామ్స్ లేదా కేఫిన్‌టెక్ వెబ్‌సైట్‌లో మీ ఈమెయిల్, పాన్ ఇచ్చి మొదటి నుంచీ ఉన్న వివరమైన క్యాస్ స్టేట్‌మెంట్ (మీ ఫండ్లన్నీ ఒకేచోట చూపేది) తెప్పించుకోండి. అందులో పేరు చివర ఉన్న మాటలే అసలు విషయం చెబుతాయి.

"రెగ్యులర్" అని ఉంటే పంపిణీదారు కమీషన్ మీ ఫండ్ ఖర్చులోంచే పోతోంది. పంపిణీదారు, ఆ కమీషన్ లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి 1 నుంచి ఉన్నాయి. రెండిటికీ తేడా ఏడాదికి ఒక్క శాతమే కదా అనకండి. నెలకి 10,000 చొప్పున ఇరవై ఏళ్ళు కడితే 12 శాతంతో దాదాపు 99 లక్షలు, 11 శాతంతో 87 లక్షల లోపు. మీ పంపిణీదారు నిజంగా సలహా ఇస్తూ, మార్కెట్ పడినప్పుడు మిమ్మల్ని అమ్మకుండా ఆపుతుంటే ఆ డబ్బుకి న్యాయం జరిగినట్టే. ఫారం మీద సంతకం పెట్టించుకుని మళ్ళీ కనపడని మనిషికైతే ఎందుకు?

అసలు దొంగ: ఐడీసీడబ్ల్యూ

నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఇదే. ఎందుకంటే ఇది ఎక్కడా తప్పులా కనిపించదు. పేరు చివర ఈ మాట ఉంటే ఫండ్ మధ్యమధ్యలో మీకు డబ్బు పంచుతుందన్నమాట. పాత పేరు డివిడెండ్ ఆప్షన్. 2021 ఏప్రిల్ నుంచి పేరు మార్చారు. ఇచ్చేది అదనపు లాభం కాదు, మీ డబ్బులోంచే మీకిస్తున్నారని తెలియాలనే ఆ మార్పు. ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) 100 ఉన్న యూనిట్ మీద 8 రూపాయలు ఇస్తే, ఎన్ఏవీ 92కి దిగుతుంది. అంతే.

ఇందులో రెండు రకాలు, రెండూ వేరువేరుగా ముంచుతాయి. పేఅవుట్ అయితే డబ్బు బ్యాంకులో పడుతుంది, ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. కొన్ని యాప్‌లు దాన్ని మీ లాభంలో లెక్కేయవు, అందుకే ఫండ్ నీరసంగా కనిపిస్తుంది. ఫోలియోలో (ఫండ్ సంస్థ దగ్గర మీ ఖాతాలో) పాత బ్యాంకు ఖాతా ఉండి, అది మూసేసి ఉంటే ఇంకా గొడవ. ఆ సొమ్ము ఫండ్ సంస్థ దగ్గరే అన్‌క్లెయిమ్డ్ కింద పడి ఉంటుంది, వాళ్ళ వెబ్‌సైట్‌లో వెతకాలి.

రీఇన్వెస్ట్‌మెంట్ అయితే ఇంకా మాయ. మీరు జేబులోంచి పెట్టింది లక్ష. మధ్యలో 25,000 డివిడెండ్‌గా ఇచ్చి మళ్ళీ అందులోనే యూనిట్లు కొన్నారు. ఇప్పుడు విలువ 1,40,000. యాప్ మీ పెట్టుబడిని 1,25,000గా చూపిస్తుంది, లాభం 12 శాతం అంటుంది. నిజానికి 40. ఇక్కడ ఫండ్ తప్పేం లేదు, లెక్క తప్పు.

పన్ను మాత్రం నిజమైన నష్టమే. 2020 ఏప్రిల్ నుంచి ఈ డబ్బు మీ స్లాబ్ ప్రకారం ఆదాయంలో కలుస్తుంది, రీఇన్వెస్ట్ చేసినా సరే. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్ళు ప్రతిసారీ 30 శాతం కట్టాలి. మధ్యలో ఏమీ పంచకుండా లాభాన్ని ఫండ్‌లోనే ఉంచే గ్రోత్ ఆప్షన్‌లో ఉంటే అమ్మేదాకా పన్నే లేదు. అనుమానం ఉంటే మీ ఏఐఎస్‌లో (ఆదాయపన్ను వెబ్‌సైట్‌లో మీ ఆదాయాల పట్టిక) డివిడెండ్ వరుస చూడండి. షేర్లు లేనివాళ్ళకి అక్కడ అంకె కనపడిందంటే దొంగ దొరికినట్టే.

లెక్క సరిచేయాలంటే ఎక్సెల్‌లో ఎక్స్‌ఐఆర్‌ఆర్ మీరే వేసుకోండి. జేబులోంచి కట్టినవి మైనస్, బ్యాంకులో పడిన పేఅవుట్లు ప్లస్, నేటి విలువ ప్లస్. రీఇన్వెస్ట్ అయినవి ఎక్కడా రాయకూడదు.

దారి మార్చాలంటే ముందు ఆ సిప్ ఆపి, అదే ఫండ్ డైరెక్ట్ గ్రోత్‌లో కొత్తది మొదలుపెట్టండి. పాత యూనిట్లని స్విచ్ చేస్తే (కొత్త ప్లాన్‌లోకి మారిస్తే) అది అమ్మకం కిందే లెక్క. ఈక్విటీ ఫండ్ అయితే ఏడాది దాటిన యూనిట్లే ముందు మార్చండి. ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల దీర్ఘకాలిక లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఇన్నాళ్ళూ లాభాన్ని బయటికి పంచేశారు కాబట్టి, ఐడీసీడబ్ల్యూ యూనిట్లలో మిగిలిన లాభం మీరు భయపడేంత ఉండదు చాలాసార్లు. ఎగ్జిట్ లోడ్ (త్వరగా అమ్మితే కోసే రుసుము) ఒకసారి చూసుకోండి.

మిగతావి

నెలవారీ సిప్ వరుసగా మూడుసార్లు బౌన్స్ అయితే ఆగిపోతుంది. బ్యాంకు మారినవాళ్ళు ఇది చూసుకోవాలి. స్టాంప్ డ్యూటీ 10,000కి 50 పైసలు, దాని గురించి నాకు రాయకండి. సిప్ తేదీ ఒకటా పదిహేనా అన్న చర్చ కూడా వద్దు.

మీది గిల్ట్ ఫండ్ (ప్రభుత్వ బాండ్లు కొనేది) అయి, వడ్డీ రేట్లు పెరిగాక నష్టం చూపిస్తుంటే పై లెక్కలేవీ అక్కర్లేదు. డ్యూరేషన్ (రేట్లు మారితే ఫండ్ ఎంత కదులుతుందో చెప్పే అంకె) 7 ఉన్న ఫండ్ ఒక శాతం రేటు పెరుగుదలకి ఇంచుమించు 7 శాతం పడుతుంది, బాండ్ల తీరే అంత. ఆ డబ్బు మీకు ఏడాది రెండేళ్ళలో కావాలంటే అది అక్కడ ఉండకూడదు. ఏడెనిమిదేళ్ళ దాకా అవసరం లేదంటే కదపకండి, పెరిగిన వడ్డీయే మెల్లగా ఆ నష్టాన్ని పూడుస్తుంది.