టికెట్ ఉన్నా విమానం ఎక్కనివ్వకపోతే

అమలాపురంలో తెల్లవారకముందే బయల్దేరి మధురపూడి (రాజమండ్రి) ఎయిర్‌పోర్టుకి టైముకే చేరినా, సీట్లకంటే టికెట్లు ఎక్కువ అమ్మేశామని కౌంటర్లో ఆపేస్తే, టెన్షన్ పడి వెనక్కి వచ్చేయకండి. సీటు వదులుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ముందు విమాన సంస్థవాళ్ళే అడగాలి, అడిగారో లేదో నిలదీయండి. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం, మీ విమానం టైము దాటిన గంటలోపు బయల్దేరే ఇంకో విమానం ఇస్తే పరిహారం రాదు. 24 గంటల్లోపైతే ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి దానికి రెండింతలు, గరిష్ఠంగా 10,000 రూపాయలు. అది కూడా దాటితే నాలుగింతలు, 20,000 దాకా. ఎందుకు ఆపారో కాగితం మీద రాయించుకోండి, ఇది మాత్రం అస్సలు వదలొద్దు. వినకపోతే విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. ఆలస్యంగా వెళ్తే ఇవేవీ వర్తించవు, రావులపాలెం దగ్గర ట్రాఫిక్ ఉంటుందనుకుని ఓ గంట ముందే కదలండి.